పేపర్లో లేని దత్తాంశం

రిటైరయ్యే రెండేళ్ల ముందు, జూన్ బదిలీల్లో సూర్యాపేట నుంచి అనంతగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చాను. హోదా స్కూల్ అసిస్టెంట్, గణితం. రోజూ కోదాడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఇప్పుడు చెప్పబోయేది ఆ మరుసటి ఫిబ్రవరిలో జరిగింది.

పబ్లిక్ పరీక్షలకు ముందు మేమే ఒక గ్రాండ్ టెస్ట్ పెట్టేవాళ్లం. చుట్టుపక్కల నాలుగు బడులకు ఒకటే పేపరు. ఆ మార్కులను బట్టి పదో తరగతిని రెండు బ్యాచులు చేస్తాం. 'ఏ' బ్యాచుకు లెక్కలు చెప్తాం. బీ బ్యాచుకు పాసయ్యే ప్రశ్నలు బట్టీ పట్టిస్తాం, అంతే. బీలో పడ్డ పిల్ల ఇంటర్లో ఎంపీసీ మాట ఎత్తదు. ఆ ఏడాది లెక్కల పేపరు తయారీ నా మీద పడింది. ఇన్నేళ్ల సర్వీసు, నాకిదేం కొత్త అనుకున్నాను. ఆ మిడిసిపాటే కొంప ముంచింది.

పరీక్ష అయ్యాక పిల్లలు ఏం మాట్లాడుకుంటారో వినడం నాకు మొదటి నుంచీ సరదా. ఏ ప్రశ్న కష్టమైందో జవాబు పత్రాల కంటే ముందు వరండాలోనే తెలుస్తది. ఆ రోజు గోలంతా ఆరు మార్కుల నిరూపణ మీద. త్రిభుజంలో రెండు భుజాలను ఒక గీత ఒకే నిష్పత్తిలో ఖండిస్తుంది. ఆ రెండు భుజాలూ సమానమని నిరూపించాలి. గీత మూడో భుజానికి సమాంతరమని మొదట తేలుతుంది. ఆపై ఫలానా రెండు కోణాలు సమానమన్న సంగతి వాడితే పని అయిపోతుంది. అందరూ అట్లాగే రాశారు. సుమలత ఒక్కతే సగంలో ఆపింది.

సుమలత తండా పిల్ల. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. లెక్క నెమ్మదిగా చేస్తది గానీ ఒక్క మెట్టు కూడా దాటేయదు. మార్కుల్లో 'ఏ' బ్యాచు అంచున ఉంది. ఈ ఆరూ పోతే బీలో పడడం ఖాయం.

"కోణాలు సమానం, దత్తాంశం అని రాస్తే అయిపోతుండె గదనే పిచ్చిదానా, బుక్కుల లెక్కనే గదా" అంటోంది ఫస్ట్ ర్యాంకు శ్రావణి. దత్తాంశమంటే ప్రశ్నలోనే ఇచ్చిన విషయం.

నాకూ చిర్రెత్తింది. తెలిసిన లెక్క ఎందుకాపినవని సుమలతను కసిరాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"కోణాలు సమానమని ఏడ ఇచ్చిండ్రు మేడం? జర చూడుండ్రి" అని ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టింది.

చదివాను. మళ్లీ చదివాను. కోణాల ముచ్చటే లేదు. టైపుకిచ్చిన కాగితంలో ఆ ముక్క నేనే వదిలేశాను. అది లేకుంటే నిరూపణే లేదు. పేపరు వెనక సుమలత ఒక వంకర త్రిభుజం గీసి పెట్టింది. ఇచ్చిన షరతు సరిపోయింది, భుజాలు మాత్రం సమానం కాలేదు. బ్యాగులోంచి కీ తీశాను. దిద్దేవాళ్ల కోసం నేను రాసిన మాదిరి జవాబు అది. అందులో నా చేతిరాతతోనే 'దత్తాంశం' అని ఉంది!

మరి ఇంతమందికి లేనిది ఎట్లా కనిపించింది? వేలు పెట్టి చూపమన్నాను. శ్రావణి ఆ ప్రశ్న మీద రెండుసార్లు వేలు నడిపించి, "ఉన్నట్టే చదివిన మేడం" అంది.

ప్రశ్న తప్పయితే అందరికీ పూర్తి మార్కులు కలపడం మా ఆనవాయితీ. సంగతి చెప్తే హెడ్మాస్టరు గారు చప్పుడు చేయకుండా కలిపేద్దాం, మీ పరువూ ఉంటుందన్నారు. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. కానీ అట్లా చేస్తే సుమలత ఆ ఆరు మార్కులూ దయతో వచ్చాయనుకుంటది. అందుకే తరగతిలోకి పోయి తప్పు నాదని చెప్పాను, చాక్‌పీసు సుమలత చేతికిచ్చి వంకర త్రిభుజం బోర్డు మీద వేయించాను.

తర్వాత మిగతా మూడు బడులకూ ఫోన్ చేశాను. ఒక మేడం అయితే నవ్వి, "మా పిల్లలందరూ బ్రహ్మాండంగా రాశారండీ, ఫుల్ మార్కులేశాను" అంది.

ఆ ఆరు మార్కులతో సుమలత 'ఏ' బ్యాచులోనే ఉంది. బీ బ్యాచుకు బట్టీ పట్టించడం నేను మానేశాను. జవాబు ముందే తెలిసినవాళ్లు ప్రశ్న చదవరు. అన్నేళ్లూ నేను శ్రద్ధగా నేర్పింది అదే.