ముడి కనబడితే ఆగని కత్తెర

మనీప్లాంటు బతికించడానికి తెలివితేటలు అక్కర్లేదని అందరూ అంటారు. ఒక ముక్క తుంచి, సీసాలో నీళ్లు పోసి, కిటికీలో పెడితే చాలట. మరమగ్గాల మధ్యనున్న మా పద్మనగర్‌లో అది మందు సీసాలో బతకడం చూశాను, మూత పోయిన ఫ్లాస్కులో బతకడం చూశాను, ఒకరింట్లో అయితే దేవుడి పటం వెనక ఎవరూ నీళ్లు పోయకుండానే ఏడాది బతికింది. నా చేతిలో మాత్రం పదకొండు చచ్చాయి. ఈ పదకొండు నిజమైన పదకొండే. నేను ఏ లెక్క చెప్పినా సగం కొట్టేసి వినడం వరసగదుల మా చాల్‌లో అలవాటు కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

ఆ తీగ నాదైతే ఇంత ఉక్రోషం ఉండేది కాదు. అది పక్క గది పెద్దమ్మది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం, మాది గుడికి వెళ్లే కుటుంబం. కానీ రెండు కుటుంబాలూ కరీంనగర్ వైపు నుంచి ఈ పరాయి రాష్ట్రానికి మగ్గాల పనికి వచ్చినవే. ఇరవై ఏళ్లుగా ఒకే గ్యాలరీ మీద మా తలుపూ వాళ్ల తలుపూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమె భర్తను నేను పెద్దబాపు అనేవాణ్ని. మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. పోయి నాలుగేళ్లయింది. ఒక నూనె డబ్బాలో ఆయన నాటిన మనీప్లాంటు గ్యాలరీ కటకటాలు పట్టుకుని మా తలుపు దాటి, మెట్ల దాకా పాకింది. మొదట్లో నేను ఇది నా పనిచోటైన నాగావ్ దాకా పాకిందని చెప్పేవాణ్ని. సరే, మెట్ల దాకానే. వంపు తిరిగిన ప్రతిచోటా, కణుపు దగ్గర, బట్ట అంచుకు వాడే పచ్చ దారంతో పెద్దబాపు దాన్ని కట్టేవాడు. మగ్గాల నుంచి ఎగిరొచ్చే దూది రోజూ ఆకుల మీద తెల్లగా పేరుకునేది. పెద్దమ్మ రోజూ పొద్దున్నే కొంగుతో ఒక్కో ఆకూ తుడిచేది.

వానాకాలం మొదట్లో చాల్ ఓనరు వచ్చి, కట్టడం పాతదైపోయింది, పడగొట్టి కొత్తది కడతాను, రెండు నెలల్లో గదులు ఖాళీ చేయండన్నాడు. మేము వెనక గల్లీలో ఒక గది చూసుకున్నాం. పెద్దమ్మ అంజూర్ ఫాటాలో కూతురి ఫ్లాటుకు వెళ్లడానికి ఒప్పుకుంది.

“మంచం, గిన్నెలు బిడ్డొచ్చి తీస్కపోతది” అంది పెద్దమ్మ, గ్యాలరీలో పీట మీద కూర్చుని. “గీ చెట్టెట్ల? మీ పెద్దబాపు చేతిది నాకు ఇదొక్కటే మిగిలింది బిడ్డా. ముప్పై ఏండ్లు మగ్గాల కాడనే ఉండె. ఆ బట్టంత సేట్లు అమ్ముకున్నరు. ఇంట్ల ఒక్క గజం లేదు.”

నేను ఊరుకుని ఉండవలసింది. నాకు ఊరుకోవడం రాదు.

“టెన్షన్ ఎందుకు తీస్కుంటవ్ పెద్దమ్మా? డబ్బాతోనే లేపుకపోదాం. నేను దుబాయ్‌ల ఒక సేట్ తోటల పనిచేసినప్పుడు గింత లావు ఖర్జూర చెట్టును లేపి లారీల పెట్టిన.”

“నువ్వు గీ పక్కనున్న కళ్యాణ్ దాటి పోయినవారా ఎన్నడన్న?” అంది. “నీ మాటల్ల బట్ట తక్వ, గంజి ఎక్వ.”

నూలు తెగకుండా ఉండాలని నేతకు ముందు గంజి పట్టిస్తారు. అది ఎక్కువైతే పల్చటి బట్ట కూడా దళసరిగా కనబడుతుంది. ఒక్క ఉతుకుతో బండారం తెలిసిపోతుంది. ఆ మాట నాకు తగిలింది. అందుకే ఆ క్షణంలోనే లేచి, రెండు చేతులా డబ్బాను పట్టుకుని లాగాను.

డబ్బా అడుగు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. వేరు ఆ కంతలోంచి దిగి గోడ పగులులోకి వెళ్లిపోయి ఉంది. పటుక్కుమంది. నా చేతిలో అడుగులేని డబ్బా, నా పాదాల మీద మట్టి, గోడలో వేరు మిగిలాయి. పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తెగిన చోట వేలుపెట్టి చూసి, అలవాటుగా పక్కనున్న ఆకు మీది దూది తుడిచింది. దానికంటే రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

“తీగ ఉన్నది గద పెద్దమ్మా” అన్నాను. “ముక్కలు చేసి నీళ్లల్ల పెడ్త. నువ్వు పోయేనాటికి ఒకటి గాదు, నలభై మొక్కలు ఇస్త.”

“నలభై వద్దు. ఒక్కటియ్యి. నిజంగ ఒక్కటి.”

నేను నాగావ్‌లో ఒక గోదాములో బట్ట చెకింగ్ చేస్తాను. మగ్గం దిగిన తాకాను, అంటే మడత పెట్టని పొడుగు బట్టను, బల్ల మీద పరిచి, దాని మీద అరచేయి నడపడం నా పని. ఎక్కడ ముడి తగిలితే అక్కడ చిన్న కత్తెరతో పుటుక్కున తీసి బల్ల కిందికి విసిరేయాలి. కళ్లు మూసుకుని చేయగలను. అబద్ధం కాదు, ఈ ఒక్క విషయంలో నన్ను మా సేట్ కూడా మెచ్చుకుంటాడు. ఆ కత్తెరే ఇంటికి తెచ్చాను. ఎండలో వాడిపోకముందే తీగ మొత్తం గ్యాలరీలో పరిచి ముక్కలు కోశాను. ఎంత శుభ్రంగా కోశానంటే, అప్పుడు నన్ను చూసి నాకే గర్వం వేసింది. బాగున్న ఆకును ఉంచి, దాని కింద నున్నటి ఆకుకాడ ఉన్నంతవరకే కోశాను. నాలుగు సీసాల్లో పదకొండు ముక్కలు నిలబెట్టాను.

వారంలో మొదటి సీసాలో కాడలు అడుగు నుంచి గోధుమరంగుకు తిరిగాయి. పట్టుకుంటే జిడ్డుగా ఊడొచ్చాయి. నీళ్ల తప్పేమో అనుకున్నాను. డ్రమ్ము నీళ్లు మాని, తాగే నీళ్లు పోశాను. మిగిలిన సీసాల్లోనూ అదే వరస. దూది పడుతోందేమో అనుకుని సీసాల మూతులకు గుడ్డ కట్టాను. గల్లీలో మగ్గాల మోతకు సీసాలు రోజంతా సన్నగా వణుకుతుంటాయి. అందుకే వేర్లు భయపడి బయటికి రావడం లేదని నా భార్యతో అన్నాను.

“గదే మోతల పెద్దమ్మ తీగ మెట్ల దాక పోయింది” అంది ఆమె, కూర కలుపుతూ. “అది భయపడలె. నీ చెయ్యే మంచిగ లేదు.”

“చెయ్యి కాదే, ముక్కలే ముసలివి.”

“రోజుకు నాలుగుసార్లు బయటికి తీసి చూస్తున్నవ్. అన్నం ఉడికిందా అని చూసినట్టు! గట్ల తీస్తే ఏది బతుకుతది?”

తీయడం మానేశాను. ఆ మిగిలినవీ కుళ్లాయి. రోజూ పొద్దున పెద్దమ్మ మా తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. సీసాల వైపు ఒకసారి చూసేది, అంతే. నేను మాత్రం, “వస్తున్నయ్ పెద్దమ్మా, లోపల కదులుతున్నయ్” అనేవాణ్ని. నోరు దానంతటదే అనేస్తుంది. ఆ తర్వాత గదిలోకి వచ్చి, నామీద కోపంతో సీసా కడిగేవాణ్ని.

పదకొండోది పోయిన రోజు సాయంత్రం పని నుంచి వస్తూ, మొక్కలమ్మే తోపుడుబండి దగ్గర ఆగాను. సరిగ్గా అలాంటి మనీప్లాంటే. అవే ఆకులు, అదే పచ్చ. నాలాంటి వాడికి అది ఎంత సులువో ఆలోచించండి. కొనేశాను. ఇంటికి తెచ్చి నీళ్ల డ్రమ్ము వెనక దాచాను. ఆదివారం ఆమె వెళ్లేటప్పుడు ఇచ్చేస్తే ఆమెకు సంతోషం, నాకు పరువు. రెండు రోజులు దాని వంక చూశాను. ఇన్నేళ్లలో పెద్దమ్మకు నేను ఎన్ని కథలు చెప్పానో లెక్క లేదు, అవన్నీ కథలని ఆమెకూ తెలుసు. ఇది చెబితే ఆమెకు తెలియదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఇవ్వబుద్ధి కాలేదు, పారేయబుద్ధి కాలేదు. నేను కూడా ఒక అబద్ధానికి ఇంత వెనకాడతానని ఎవరైనా అంటే నేనే నమ్మేవాణ్ని కాదు.

శనివారం పొద్దున నా భార్య గ్యాలరీలో పుదీనా కోస్తూ గొణుగుతోంది. కటకటాల పక్కన పాత డబ్బాలో ఆమె పుదీనా పెంచుతుంది.

“ఏందో పిచ్చి మొక్క. నాలుగు దినాలసంది పీకి పారేస్తున్న, మల్ల వస్తంది.”

ఆమె వేళ్ల మధ్య చుట్ట చుట్టుకున్న లేత ఆకు ఒకటి ఉంది. కింద తెగిపోయిన వేరు వేలాడుతోంది.

“ఆగవే! ఆగు!” అని నేను అరిచిన అరుపుకు ఆమె చేతిలోని పుదీనా కింద పడింది.

డబ్బాలో ఇంకా ఒక్కటే మిగిలింది. మట్టిలో సగం కూరుకున్న పొట్టి ముక్క, దాని నుంచి చిన్న చిగురు. నేను కోసి పారేసిన ముక్కే. తీగ కోస్తున్నప్పుడు గోదాములో బల్ల కిందికి విసిరినట్టే పక్కకు విసిరాను. పక్కన ఈ డబ్బా ఉంది.

నా భార్య చిగురునూ నన్నూ మార్చి మార్చి చూసింది. “నువ్వు సీసలల్ల ఏం పెట్టినవ్?”

“నున్నటి కాడలు.”

“గణుపులు?”

“గరుకు గరుకు ఉన్నయ్, కోసి తీసేసిన.”

ఆమె అక్కడే చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో మొదట నాకు అర్థం కాలేదు. “వేరు గణుపుకాడ గాక ఏడ వస్తదయ్యా? మీ తాత వెయ్యెకరాల చెరుకు ఏసిండని చెప్పినవ్ గద. గణుపు లేకుంటనే నాటిండా?”

ఆ వెయ్యెకరాల సంగతి ఆ సమయంలో తీయడం అన్యాయం. కానీ ఆమె చెప్పింది నిజం. నా చేయి తీగను నూలనుకుంది. ఉబ్బుగా, గరుకుగా, దారం ముడితో ఏది తగిలినా అది లోపమనుకుని, ఇరవై ఏళ్ల అలవాటున నన్ను అడగకుండానే కోసేసింది. వేరు పుట్టే చోట్లన్నీ ఏరి పారేసి, పుట్టని చోట్లకు తాగే నీళ్లు పోశాను. నెల రోజులు. పైగా పారేసిన వాటిలో బతికిన నాలుగైదింటిని నా భార్య కలుపు మొక్కలని పీకేసింది. నేను ఎవరిని తిట్టాలి?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ ప్రయాణం. కూతురు పంపిన టెంపో కింద నిలబడింది. నేను పుదీనా డబ్బా ఎత్తుకుని ఆమె గదిలోకి వెళ్లాను.

“ఇగో పెద్దమ్మా. నీ తీగే. ఒక్కటే మిగిలింది.”

ఆమె డబ్బా వైపు చూడనే లేదు. “డ్రమ్ము ఎనక పెట్టినదేనా?”

నేను డబ్బాను ఇంకాస్త ముందుకు చాచాను.

“నల్లా కాడికి పోతుంటె చూసిన బిడ్డా. నా బాధ చూడలేక కొన్నవనుకుని ఊకున్న. ఏమనుకోను. కానీ అది మీ పెద్దబాపుది కాదు గద.”

“అది వేరే, ఇది వేరే. ఒట్టు పెద్దమ్మా!” జరిగింది జరిగినట్టు చెప్పాను. కత్తెర సంగతి, కణుపుల సంగతి, పారేసినవే మొలిచిన సంగతి. ఒక్క మాట కలపలేదు. జీవితంలో అంత కష్టపడి ఎన్నడూ మాట్లాడలేదు. చెమట పట్టింది.

పెద్దమ్మ నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. “గిది మస్తున్నది. దుబాయ్ సేట్ ముచ్చట కన్న మంచిగున్నది.”

“నిజం పెద్దమ్మా!”

“బండి మొక్కను పుదీనల కుచ్చి తెచ్చినవ్. తెలివి ఉన్నది నీకు.”

కోపం ఆపుకోలేక డబ్బాను ఆమె ముందు కింద పెట్టాను. కాస్త గట్టిగానే పెట్టాను. మట్టి కదిలి, ముక్క పక్కకు ఒరిగింది. కింద, వేరు మొదట్లో, మట్టి పట్టిన దారం ఒకటి కనబడింది. పాలిస్టర్ దారం, కుళ్లలేదు. పెద్దమ్మ వంగింది. కళ్లజోడు ఎక్కడుందని వెతుక్కుని పెట్టుకుంది. బొటనవేలితో మట్టి తుడిచింది, ఆకు మీది దూది తుడిచినట్టే. లోపల పచ్చరంగు.

“రెండు సుట్లు” అంది మెల్లగా. “ఒక కొస పొడుగు.”

ఆమె కూడా పెద్దబాపు మగ్గాల పక్కనే చాలా ఏళ్లు నూలు కండెలు చుట్టింది. తెగిన పోగును ఎవరు ఎలా ముడేస్తారో ఆమెకు వేళ్లకు తెలుసు.

“అందరు ఒక్క సుట్టే ఏస్తరు. రెండెందుకు, టైమ్ పోతదని నేను కొట్లాడేదాన్ని.” వేలు ఆ ముడి మీద చాలాసేపు ఉంచింది. కింద టెంపోవాడు హారన్ కొట్టాడు.

“ఇప్పటికన్న నమ్మినవా పెద్దమ్మా?”

“మొక్కను నమ్మిన” అంది, కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూ. తర్వాత నా భార్యను పిలిచింది. “బిడ్డా, డబ్బ నువ్వు పట్టుకో. ఒళ్లె పెట్టుకుని ముంగట కూసో. గీయన చేతికియ్యకు. ముడి కనబడితే ఊకోడు.”

ఆడవాళ్లిద్దరూ మొక్కతో టెంపో ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనక మంచం కోళ్ల మధ్య, గిన్నెల మూట మీద, ప్రతి గతుకుకూ ఎగిరిపడుతూ అంజూర్ ఫాటా దాకా వెళ్లాను.

ఇప్పుడు దానికి ఆరు ఆకులట. పెద్దమ్మ ఫోనులో చెప్పింది. పచ్చ దారం ఇంకా తీయలేదట. ఆ బిల్డింగులో అందరికీ అది ఎలా మొలిచిందో చెబుతుందట కూడా. అందులో నేనున్నానా అని అడిగాను. “ఉన్నవ్, డబ్బ ఇరగ్గొట్టినోనివి” అంది.

బండి మీద కొన్న మొక్క మా కొత్త గది కిటికీలో ఉంది. ఏమీ చేయకపోయినా విరగబడి పెరుగుతోంది. ఎక్కడిదని ఎవరైనా అడిగితే కొన్నానని చెబుతున్నాను. “పోవయ్యా, ఎవలింట్ల దొంగిలించినవో చెప్పు” అంటున్నారు.