అత్త తిన్న ఏకాదశి అన్నం

మా మేనత్త పోయింది. పొద్దున బండికి మార్కాపురం నుంచి వచ్చిన ఆమె వీధి పెద్దాయన ఒకరు గిద్దలూరు స్టేషన్లో దిగి, నేను పనిచేసే బడి దాకా నడిచి వచ్చి, వరండాలో నిలబడి ఆ మాట చెప్పినాడు. నేనప్పుడు రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. రెండు రోజులు జ్వరమంట. మూడోనాడు తెల్లవారుతుండగా గుండె ఆగిపోయిందంట. చివరిదాకా తెలివిగానే ఉండిందని ఆయన రెండుసార్లు చెప్పినాడు. నా వెనక పిల్లలు ఎక్కం ఆపలేదు. ఏడో ఎక్కం పూర్తయ్యేదాకా నేను అక్కడే నిలబడిపోయినాను.

ఆమె పేరున్న మనిషేం కాదు. మార్కాపురంలో ఉప్పు, మిరపకాయలు, జొన్నలు, కిరసనాయిలు అమ్ముకునే చిన్న దుకాణం ఆమెది. ముప్పై ఏళ్లకే భర్త పోతే, ఆయన కూర్చున్న చోటే తాను కూర్చుని నడుపుకొచ్చింది. నేను రాయదలుచుకున్నది ఆమె దుకాణం గురించి కాదు, ఆమె చేతుల గురించి. ఆమె నా కోసం ఆడిన ఒక అబద్ధం గురించి కూడా. ఆమె ఉండగా రాసి ఉంటే ఒప్పుకునేది కాదు.

ఎస్సెస్సెల్సీ పాసై నేను త్రిపురాంతకంలో మా ఇంట్లో ఉత్తగా కూర్చున్న రోజులవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్త. అత్తకు చేతులు ఆడటం లేదు, కొన్నాళ్లు పోయి తోడుండమని నాయన నన్ను మార్కాపురం పంపించినాడు. తీరా పోయి చూస్తే, నిద్ర లేచినాక ఒక గంటసేపు ఆమె వేళ్లు విచ్చుకునేవి కావు. కణుపుల దగ్గర వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. దుకాణం తాళం నేను తీయాల. ఆమె తల నేను దువ్వాల. పొట్లం కట్టేటప్పుడు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. దారం ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస బొటనవేలితో తిప్పి ఎట్లనో కట్టేది. ఎదురుగా నిలబడినవాళ్లు చూడలేక తల పక్కకు తిప్పుకునేవాళ్లు.

నాటు వైద్యాలన్నీ అయినాక నాయనా నేనూ ఆమెను కర్నూలు తీసుకపోయినాము. నంద్యాల దాకా రైలు, అక్కడినుంచి బస్సు. అక్కడి డాక్టరు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూసి, ఇది వయసుతో వచ్చే నొప్పి కాదు, కీళ్ల లోపలే మంట పుట్టి వాస్తున్నాయని చెప్పినాడు. రాసిచ్చింది ఆస్పిరిన్. తలనొప్పికి అందరూ వేసుకునే మాత్రే, అయితే ఈ జబ్బుకు రోజుకు చాలా వేసుకోవాల, ఏళ్ల తరబడి వేసుకోవాల. అందుకే జాగ్రత్తలు చెప్పినాడు. నన్ను పుస్తకం తీయమని, నిదానంగా రాయించినాడు. అన్నం తిన్నాకనే వేసుకోవాల. ఉత్త కడుపున ఎప్పుడూ వద్దు. కడుపులో మంటగా ఉన్నా, విరేచనం తారులా నల్లగా అయినా, చెవుల్లో గుయ్యిమని మోత పుట్టినా వెంటనే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి రావాల. నొప్పి ఎక్కువైందని సొంతంగా మాత్రలు పెంచకూడదు. ఎవరో ఇచ్చిన వేరే నొప్పి మాత్రలు దీనికి కలపకూడదు. నేను రాసుకున్నదంతా ఇంటికొచ్చినాక ఆమెకు ఒకసారి చదివి వినిపించినాను. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాలకు ఆమె తన తల తాను దువ్వుకుంది. ఒక పొద్దున తాళం తీసిన చప్పుడు విని నేను బయటికి వస్తే, దుకాణం తలుపు తెరిచి, గడప మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

అంతలో ఏకాదశి వచ్చింది. భర్త పోయిన నాటినుంచి ఆమె ఏ ఏకాదశీ విడిచిపెట్టలేదు. తులసి తీర్థం తప్ప ఏమీ నోట్లో వేసుకునేది కాదు. అయితే మాత్ర మానితే మళ్లీ చేతులు బిగుసుకపోతాయని భయం. అందుకని ఉపవాసమూ ఉండింది, పూటపూటకూ మంచినీళ్లతో మాత్రలూ మింగింది. నేను చూసినాను. నా పుస్తకం గూట్లోనే ఉంది, అందులో ఏం రాసి ఉందో నాకు తెలుసు. పెద్ద ముత్తైదువులే ఆమె నిష్ఠ చూసి తలవంచే ఇంట్లో, ఇరవై ఏళ్లు నిండని నేను ఉపవాసం విడువమని ఎట్ల చెప్పేది? ఆ రోజు ఊరుకున్నాను. తర్వాతి ఏకాదశికీ ఊరుకున్నాను. ఆ తర్వాతిదానికీ అంతే.

కడుపులో మంట ఆమెకు అప్పుడే మొదలైందంట. ఎవరికీ చెప్పలేదు. నల్లగా విరేచనమైతే రాగి సంకటి తిన్నందుకని సరిపెట్టుకుందంట. ముక్కోటి మరునాడు మధ్యాహ్నం, ఒకామెకు మిరపకాయలు తూస్తూ తూస్తూ త్రాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని, కాఫీ మడ్డి లాంటి నల్లటి రక్తం కక్కింది. ఊళ్లో డాక్టరు నాడి చూసి, కర్నూలు తప్ప దారి లేదన్నాడు. ఆ రైలు ప్రయాణం నేను జన్మలో మరువను. ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. స్టేషన్ వచ్చినప్పుడల్లా కళ్లు తెరిచి, ఏ ఊరని అడిగేది.

కబురంది వచ్చిన నాయన రక్తం సరిపడింది. ఎక్కించినారు. రెండోనాటికి గండం గడిచినాక ఆ డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, ఆమెను కాదు, నన్ను అడిగినాడు.

"రాసుకున్నావు కదమ్మా. ఏం రాసుకున్నావు?"

నాయన నా వైపు తిరిగినాడు. అప్పుడు మంచం మీదినుంచి అత్త, వినీ వినిపించనంత సన్నగా అన్నది.

"పిల్లను ఏమీ అనొద్దు సామీ. ఏకాదశి ఏకాదశికీ చెప్పింది. నేనే వినలేదు."

దుకాణంలో పుచ్చిన కందిపప్పును బాగుందని చెప్పని మనిషి. అందరి ముందర, అంత సులువుగా, నా కోసం అబద్ధమాడింది. డాక్టరు పక్క మంచం దగ్గరికి పోయినాడు. నాయన నా తల నిమిరినాడు. ఆ చెయ్యి నా తల మీద ఎంత బరువనిపించిందో నాకే తెలుసు.

పుండు మానేదాకా మాత్రలు ఆపించినారు. ఆ రెండు నెలలూ వేళ్లు మళ్లీ వాచినాయి. ఒకనాడు అన్నం ముద్ద చేసుకోలేక ఆమె పళ్లెం పక్కకు నెట్టింది. తర్వాత డాక్టరు మోతాదు తగ్గించి, కడుపు నిండా తిన్నాక పాలతో వేసుకొమ్మని, మళ్లీ మంట గానీ నలుపు గానీ కనిపిస్తే ఒక్క పూట కూడా దాచొద్దని, మూడు నెలలకోసారి వచ్చి రక్తం చూపించుకొమ్మని గట్టిగా చెప్పి ఇచ్చినాడు. ఉపవాసమా, మాత్రా, రెంట్లో ఒకటి తేల్చుకొమ్మన్నాడు.

ఇంటికొచ్చినాక వచ్చిన మొదటి ఏకాదశి నాడు ఆమె పొద్దున్నే స్నానం చేసి, చెన్నకేశవుని గుడికి పోయి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. వండుకుని, వీధిలోకి కనిపించేట్టు ముందు వసారాలో పీట వేసుకుని కూర్చుంది. లోపల కూర్చోమని నేను బతిమాలినాను. దొంగతనంగా తినే తిండి కాదన్నది. మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే పెట్టుకుంది. మింగినాక, రెండోది తొందరగా తిన్నది. ఎదురింటి ఆమె నిలబడి చూసి, ఇన్నేళ్ల వ్రతం ఇట్ల చేసినావేంది వదినా అని అడిగింది. అత్త మజ్జిగ పోసుకుంటూ జవాబు చెప్పింది.

"మాత్ర నా మాట వినదు. దేవుడు వింటాడు. వినేవాడితోనే చెప్పుకున్నా."

నెల రోజులు వీధి వీధంతా ఆ మాట చెప్పుకున్నది, కొందరు మెచ్చుకుంటూ, కొందరు వెక్కిరిస్తూ. ఆమె పట్టించుకోలేదు. ఏకాదశి రోజు అన్నం తిని, మాత్ర వేసుకుని, సాయంత్రం దీపం ముందర రోజూ కంటే ఎక్కువసేపు కూర్చునేది.

ఇంకొకటి చెప్పాల. మా వీధి చివర పలకలు చేసే కొట్టాల్లో పనిచేసే ఒకామె ఉంది. రాళ్లు చీల్చి చీల్చి ఆమె మణికట్లు పోటు పెట్టేవి. అత్త చేతులు బాగవడం చూసి, ఆ మాత్రలు తనకూ నాలుగు ఇవ్వమని అడిగింది. అడిగినవాళ్లకు లేదనే అలవాటు అత్తకు లేదు. దోసెడు జొన్నలు అడిగితే దోసెడున్నర పోసేది. మాత్రలు మాత్రం ఇవ్వనన్నది. ఆమె మరీ మరీ అడిగింది. అంగట్లో దొరికే తలనొప్పి మాత్రకు ఇంత గీర ఏంది అని తిట్టుకుంటూ పోయింది. ఆ సాయంత్రం అత్త అన్నం సరిగా తినలేదు. మరునాడు దుకాణం నాకు అప్పజెప్పి, ఆ కొట్టాల దగ్గరికి నడిచి పోయి, ఆమెను పనిలోంచి లేపి, సర్కారు ఆసుపత్రికి తీసుకపోయింది. పరీక్షలో తేలిందేమంటే ఆమెకు ఏడాదిగా కడుపులో పుండు ఉంది. ఆ మాత్రలు వేసుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పినాడు. మా గడప దగ్గరికి వచ్చినాక ఆమె అత్త చెయ్యి పట్టుకుని, కాసేపు విడువలేదు.

అప్పటినుంచి నొప్పి మాత్ర కోసం ఎవరు వచ్చినా అత్త మొదట అడిగే మాట ఒకటే, "అన్నం తిన్నావా?" అని. తర్వాత డాక్టరును చూసినావా అని. తన మాత్రలు దుకాణం సరుకు పక్కన కాకుండా పైన అటక మీద పెట్టుకునేది. ఒక పూట మరిచిపోతే మరుపూట రెండు వేసుకునేది కాదు. పోయింది పోయిందని, దాని కోసం కడుపును కష్టపెట్టనని అనేది.

టీచరు ట్రైనింగుకు పోయే ముందురోజు ఆమెను అడిగినాను, ఆనాడు డాక్టరు ముందర అట్ల ఎందుకు చెప్పినావని. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పి ఉంటే నేను వినేదాన్నా ఏంది? వినేదాన్ని కాదు. మరి అది అబద్ధమెట్ల అవుతుంది?"

ఈసారినుంచి మాత్రం ఎవరికైనా సరే, పెద్దవాళ్లయినా సరే, చెప్పమన్నది. బడిలో పిల్లల తల్లులు వచ్చి ఏదైనా అడిగినప్పుడు, చెబితే ఏమనుకుంటారోనని నోరు తడబడినప్పుడు, నాకు ఆ తొడిమలు తీస్తున్న వేళ్లే గుర్తుకొస్తాయి. సిగ్గుపడుతూనే చెబుతాను.

ఆమె పోయిందని తెలిసిన నాడు నేను మధ్యాహ్నానికి మార్కాపురం చేరినాను. అప్పటికే స్నానం చేయించి వసారాలో పడుకోబెట్టినారు. వేళ్లు అట్లనే కొద్దిగా వంగి ఉన్నాయి. నాయన పాడె ముందర నిప్పు కుండ పట్టుకుని నడిచినాడు. ఆడవాళ్లం గడప దగ్గరే నిలిచిపోయినాము. వీధి మలుపు తిరిగినాక పాడె మాకు కనిపించలేదు. అయితే ఆ వైపు పలకల కొట్టాల్లో నేను వచ్చినప్పటినుంచి ఆగకుండా వినిపిస్తున్న సుత్తుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కడిదాకా పోయినారని తెలిసింది. కొంతసేపటికి ఎక్కడో ఒక సుత్తి మోగింది. ఆగి, ఇంకొకటి. ఆ తర్వాత మెల్లగా అన్నీ.