పెద్దమ్మ రోలు, ప్లాస్టిక్ కుర్చీ

ఆ రోజుల్లో మా తిరుపతిలో మనిషి స్థాయి ఏమిటో అతని ఇంటి పైకప్పు చెప్పేది. వానను ఆపే పైకప్పు కాదు. దాని కింద ప్లాస్టర్‌తో మెట్లు మెట్లుగా కట్టి, అంచుల్లో నీలం లైట్లు దాచిపెట్టిన రెండో పైకప్పు. అంతకు ముందు ఏడాది హాల్లో ఒక గోడకైనా వంకాయ రంగు కొట్టించనివాణ్ణి చుట్టాలు కూడా లెక్కచేయలేదు. ఆ తర్వాత గోడల మీద స్టిక్కరు చెట్లు మొలిచాయి, వాటి మీద స్టిక్కరు పిట్టలు వాలాయి. ఆ తర్వాత ఇల్లంతా బూడిద రంగు. (మా నాయన అలాంటి ఒక ఇంటి గృహప్రవేశానికి వచ్చి, "పాపం, సున్నం కొట్టించక ముందే ముహూర్తం వచ్చేసినట్టుండాది" అని జాలిపడ్డాడు.) ఈ మోజులన్నీ పుట్టేది రేణిగుంట వైపు పోయే రోడ్డులో. టైల్సు, సోఫాలు, కర్టెన్లు, లైట్లు, వంటింటి అరలు, అన్నీ ఆ ఒక్క రోడ్డులోనే. ఆదివారం సాయంత్రమైతే అక్కడ తిరనాళ్లే. కొనేవాళ్లు తక్కువ, కూర్చునేవాళ్లు ఎక్కువ. ఏసీలో సోఫా మీద కూర్చుని, మేమిచ్చే కాఫీ తాగి, పిల్లల సంబంధాల సంగతులు మాట్లాడుకుని, అమ్మకానికి పెట్టిన మంచం పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయేవారు.

ఆ రోడ్డులో అన్నిటికన్నా పెద్ద షోరూములో నేను 'డిజైన్ కన్సల్టెంట్'ని. అలాగని కార్డు మీద ఉండేది. అసలు పని సోఫాలు తుడవడం. కొండ మీద గుండు చేయించుకుని, గంధం పూసుకుని దిగివచ్చినవాళ్లు మా తెల్ల సోఫాకు తల ఆనించి "మెత్తగా ఉండాదే" అనేవారు. వాళ్లు లేచాక సోఫా మీద ఒక పచ్చటి పూర్ణచంద్రుడు మిగిలేవాడు. రోజుకు పది పన్నెండు చంద్రుళ్లను తుడిచేవాణ్ణి. అయినా ఇరవైమూడేళ్ల వయసు, మెడలో టై, జేబులో కార్డు. నేను ఎక్కడి నుంచి వచ్చానో నేనే మరిచిపోవడానికి ఆ మూడూ చాలాయి.

మా ఓనరును మేము చాటుగా థీమ్ అన్న అనేవాళ్లం. దేన్ని చూసినా "థీమ్ ఏందప్పా దీనికి?" అని అడిగేవాడు. ఒకరోజు మమ్మల్ని పిలిచి, ఇక బూడిద రంగు పని అయిపోయిందని, రాబోయేదంతా పల్లెటూరేనని ప్రకటించాడు. పై అంతస్తు మొత్తం పల్లె చేయాలన్నాడు. నులకమంచాలు, బండిచక్రాలు, ఇత్తడి బిందెలు, పాత తలుపులతో చేసిన టేబుళ్లు. "నట్టనడుమ ఒకటి ఉండాల. సూస్తానే మనిషి నిలబడిపోవాల. ఎవరి దగ్గరైనా పాతకాలం రుబ్బురోలు ఉండాదా?" అన్నాడు. నేను చెయ్యెత్తాను. క్లాసులో ఎన్నడూ ఎత్తని చెయ్యి అది.

ఆ రోలు నగరిలో మా పెద్దమ్మది. మా నాయన సూళ్లూరుపేట వైపు కాంట్రాక్టు పనుల మీద తిరిగే రోజుల్లో నేను అయిదేళ్లు ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. తెల్లవారక ముందే వీధిలో మరమగ్గాలు మొదలయ్యేవి. వాటి చప్పుడులోనే పెద్దమ్మ రోట్లో పొత్రం తిరిగే చప్పుడు కూడా వినిపించేది. మగ్గాల పనివాళ్లకు ఆమె వసారాలో దోసెలు పోసి అమ్మేది. పిండి కరెంటు గ్రైండరులో ఆడించేది గానీ, దోసె మీద పూసే ఎర్రకారం మాత్రం రోట్లోనే నూరాలి. జనం వచ్చేది ఆ కారానికే. అయితే కొన్నాళ్లుగా రోలు అరిగి నున్నబడిపోయింది. "మిరపకాయలు నలగవురా, జారుడుబండ మీద పిల్లోళ్ల మాదిరి జారిపోతాయి" అని వాపోయేది. అలా నున్నబడిన రోలుకు ఉలితో మళ్లీ గాట్లు పెట్టించాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. కక్కు కొట్టేవాళ్లు వీధుల్లోకి రావడం అప్పటికే తగ్గిపోయింది.

నేను ట్రాలీ ఆటో తీసుకుని పోయి, "తిరుపతిలో మంచి మనిషి ఉన్నాడు పెద్దమ్మా, కక్కు కొట్టించి వారంలో తెచ్చిస్తా" అన్నాను. ఆమె రోలుకు పసుపు రాసి, కింద గోనెసంచి పరిచి, ఆటోవాడికి రెండు దోసెలు పెట్టి మరీ పంపింది. "నా బంగారునాయన, అడగకనే కనిపెట్టుకున్నాడు" అని పక్కింటామెతో చెబుతుంటే నా చెవినపడింది. నేను టై సర్దుకున్నాను.

వారం పోయింది. ఆమె ఫోన్ చేసింది. మనిషి కాణిపాకం పోయినాడని చెప్పాను. ఇంకో వారానికి అతనికి జ్వరం తెప్పించాను. మూడోసారి అతని అత్తగారిని చంపాను. (అయిదోసారి మరిచిపోయి మళ్లీ ఆమెనే చంపాను. పెద్దమ్మ "అయ్యో పాపం" అని రెండుసార్లూ బాధపడింది.) ఈలోగా ఆమె మిక్సీలో కారం చేస్తోందట. "ఏందవ్వా, కారం సప్పగా ఉండాది" అని మగ్గాలవాళ్లు పక్కవీధి దోసెలకు మళ్లుతున్నారట. ఆ మాట కూడా ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. నన్ను తొందర పెట్టినట్టు అవుతుందని నవ్వుతూ చెప్పింది.

పల్లె అంతస్తు తెరిచిన ఆదివారం ఊళ్లో పేరున్నవాళ్లందరూ వచ్చారు. నట్టనడుమ, మూడు లైట్ల వెలుగులో, పెద్దమ్మ రోలు. దాన్నిండా నీళ్లు, నీళ్ల మీద గులాబి రేకులు, రేకుల మధ్య తేలే దీపాలు. పక్కన 'అమ్ముడైంది' అని చిన్న అట్ట. దాన్ని కొన్నావిడ ఊయల మేడమ్. ఇంట్లో ప్రతి గదిలోనూ ఊయల వేయించుకున్నందువల్ల ఆమెకు మేము పెట్టుకున్న పేరది. నేను ఆమెకు మన సంస్కృతి గురించి చెబుతున్నాను. అప్పుడు మెట్ల మీద నుంచి వినిపించింది.

"ఒరే అబ్బోడా! యాడ ఉండావురా?"

పెద్దమ్మ. చేతిలో గుడ్డసంచి. వెనక ఉలి, సుత్తి పట్టుకుని ఒక ముసలాయన.

"నీకు మనిషి దొరక్క అల్లాడతా ఉండావని నేనే వెతికి పిలుచుకొచ్చినానురా. కార్వేటినగరం ఆయన. ఈయన అత్త ఎప్పుడో పోయింది, ఇంక ఆ బెడద లేదు" అంది. అంతలో రోలును చూసింది. పూలు, దీపాలు. ఆమె ముఖం వెలిగిపోయింది. "రోలుకి పూజ చేయించినావా! నా తండ్రే" అంటూ దీపాలు ఆర్పి పక్కన పెట్టి, నీళ్లు వృథా పోనీయడమెందుకని పక్కనున్న కుండీలో మొక్కకు పోసింది. అది ప్లాస్టిక్ మొక్క. ముసలాయన అప్పటికే చతికిలబడి పని మొదలుపెట్టాడు. టక్ టక్ టక్.

అందరూ చుట్టూ మూగారు. ఫోన్లు పైకి లేచాయి. థీమ్ అన్న పరిగెత్తుకొచ్చి, జనం ముఖాలు చూసి, నా చెవిలో "అబ్బా, ఏం ఐడియా వేసినావప్పా!" అన్నాడు. ఊయల మేడమ్ నా వైపు తిరిగి అడిగింది. "ఎవరండీ వీళ్లు? మీకు తెలిసినవాళ్లా?"

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. ఇన్నేళ్లుగా ఈ కథ నేను చాలామందికి నవ్విస్తూ చెప్పాను. ప్లాస్టిక్ మొక్కకు నీళ్లు పోసిన దగ్గర అందరూ నవ్వుతారు, నేనూ అక్కడితోనే ఆపేస్తాను. తర్వాతి మాట ఎవరికీ చెప్పలేదు.

"లేదు మేడమ్. డెమో కోసం పిలిపించిన మనుషులు" అన్నాను.

సరిగ్గా అప్పుడే ముసలాయన రాతిపొడి ఊదడానికి సుత్తి ఆపాడు. నా మాట ఆ అంతస్తంతా వినిపించింది. పెద్దమ్మ తలెత్తింది. ముందు నన్ను చూసింది, తర్వాత నా టైని, తర్వాత 'అమ్ముడైంది' అన్న అట్టని. ఆమె రెండో తరగతి వరకే చదివింది. ఆ ఒక్క మాట చదవడానికి అది చాలింది. ఒక్క కేకతో నా పరువు తీసి ఆ ప్లాస్టిక్ కుండీలో పోయగలదు. నేను కళ్లు మూసుకున్నాను.

"అవును మేడమ్" అంది పెద్దమ్మ. "సారే పిలిపించినారు."

ఆ తర్వాత ఆమె డెమో పూర్తిగా చేసింది. కక్కు కొట్టడం అయ్యాక రాతిపొడి పోవడానికి మొదట తవుడు వేసి నూరి పారబోసింది. సంచిలోంచి నానబెట్టిన మిరపకాయలు, ఎర్రగడ్డలు, ఉప్పు తీసి కారం నూరింది. జనం బిస్కెట్లతో నంజుకుని కళ్లలో నీళ్లు పెట్టుకుని చప్పట్లు కొట్టారు. చేతులు కడుక్కుని ఆమె నా దగ్గరికి వచ్చింది.

"పని అయిపోయింది సారూ. బస్సుకి టైమయింది, మేం పోతాము."

"పెద్దమ్మా..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది డెమోలోది కాదు సారూ. మీకోసం పోసుకొచ్చిన దోసెలు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. రోలు వైపు తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం థీమ్ అన్నకు అంతా చెప్పేశాను. ఆయన "ఆయమ్మ మీ అమ్మ అక్కనా? చెప్పింటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లం కదప్పా" అన్నాడు. ఆ మాటలో థీమ్ ఏమీ లేదు. ఊయల మేడమ్ మాత్రం తనకు రోలు కావాల్సిందేనంది. మూడు ఆదివారాలు పల్లెలు తిరిగితే, పుత్తూరు దగ్గర ఒక ఇంటి వెనక బట్టలుతికే బండగా బోర్లా పడున్న రోలు దొరికింది. దాన్ని ఆమెకిచ్చి, పెద్దమ్మ రోలును నగరి తీసుకుపోయాను. కాళ్ల మీద పడాలని దారంతా అనుకుంటూ పోయాను. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఆడ పెట్టండి సారూ" అంది. లోపలికి పోయి, ఆమె అల్లుడైన మా బావ ఆఫీసరైనప్పుడు కూడా బయటికి తీయని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. "కూర్చోండి. కాఫీ తీసుకుంటారా?"

పెద్దవాళ్లు తిట్టే తిట్లు ఎన్నో తిన్నాను, మర్యాద అంత దెబ్బ ఇంకేదీ కొట్టలేదు. అప్పటి నుంచి పదకొండేళ్లు ఆ ఇంటికి పోయినప్పుడల్లా అదే కుర్చీ. తక్కిన పిల్లలందరూ వసారాలో నేల మీద కూర్చుని, ఒకరి పళ్లెంలో ఒకరు చెయ్యి పెట్టి తింటుంటే నేను ఒక్కణ్ణే ఎత్తున, కప్పూ సాసరుతో. "పెద్దమ్మకి నువ్వంటే ఎంత గౌరవమో సూడు" అనేవారు చుట్టాలు. ఆమె నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి క్షమించమని అడిగాను. "మీరేం తప్పు చేసినారు సారూ?" అంది. ఆ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పే ధైర్యం అప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు నాకు అదే రోడ్డు చివర చిన్న కర్టెన్ల అంగడి ఉంది. పల్లె మోజు పోయి మళ్లీ తెల్లగోడలు వచ్చాయి. మొన్న ఒకరోజు పెద్దమ్మ ఫోన్ చేసింది. "సారూ, రోలు మళ్లీ నున్నగైపోయింది. కక్కు కొట్టే మనిషిని ఎవరినైనా పిలుచుకొని రండి." మళ్లీ తనే, "మనిషిని తెస్తే చాలు. రోలు మాత్రం ఈడ నుంచి కదలదు" అంది.

ఈసారి నిజంగానే మనిషి దొరకలేదు. కార్వేటినగరం ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆయన కొడుకు మా రోడ్డులోనే మిషనుతో వంటింటి గ్రానైటు కోస్తాడు, ఉలి పట్టడం రాదు. "దొరకలేదు పెద్దమ్మా" అని ఫోన్‌లో చెబుదామనుకున్నాను. అలాంటి మాట నా నోట ఎన్నిసార్లు అబద్ధంగా వచ్చిందో గుర్తొచ్చి నాలుక తిరగలేదు. ముసలాయన దగ్గర రెండు పూటలు కూర్చుని, పాత బండ మీద కొట్టడం నేర్చుకుని, ఆయన ఉలీ సుత్తీ అడిగి తీసుకుని నగరి బస్సెక్కాను.

పెద్దమ్మ కుర్చీ తెచ్చి వేసింది. నేను నేల మీద, రోలు ముందు చతికిలబడ్డాను. ఆమె గడప మీద కూర్చుని చూస్తోంది. టక్ టక్ టక్. రెండు గాట్లు బాగానే పడ్డాయి. మూడోదానికి ఉత్సాహం ఎక్కువై బలంగా కొట్టాను.

"ఒరే, ఒరే! నిదానంగా కొట్టరా, రాయి పగిలిపోతాది!"

సుత్తి గాలిలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఆమె కూడా ఒక్క క్షణం కదల్లేదేమో, తర్వాత గాజుల చప్పుడు వంటింట్లోకి పోయింది. నేను తలవంచుకుని, మహా నిదానంగా, రోలంతా కొట్టడం పూర్తిచేశాను.

ఆ రోజు కారంతో నాలుగు దోసెలు తిన్నాను, నేల మీద కూర్చుని. మొదట తవుడు వేసి నూరి పారబోయాలన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. ప్రతి ముద్దలోనూ రాతిపొడి కరకరమంది. "ఎట్లుండాదిరా?" అని అడిగింది పెద్దమ్మ, వేరే ఎటో చూస్తూ.

"బాగుండాది పెద్దమ్మా" అన్నాను. నా జన్మలో ఆమెతో ఆడిన ఆఖరి అబద్ధం అదే. పక్కన కుర్చీలో అప్పటికే పిల్లి పడుకుని ఉంది.