పక్క దేశం గుడ్డు, నా పదో తరగతి ఫారం

ఆ రోజుల్లో మాకు తీరికకు మాత్రం కొదవ లేదు. కరోనా వచ్చి, గుజరాత్‌లో మావాళ్ళు వలస వెళ్ళి స్థిరపడ్డ లింబాయత్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోతే, ఆ నిశ్శబ్దానికే మాకు తలనొప్పి వచ్చేది (పుట్టిన దగ్గర్నుంచీ ఆ టకటకల్లో బతికినవాళ్ళం). అయినా ఇంట్లో గింజలున్నాయి, అందరం ప్రాణాలతో ఉన్నాం. అందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

నేను బడికి పోలేదు, అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాలని నా ఆశ. దానికి ఇంటిపెద్ద అయిన పెద్దబాపు ఒప్పుకోవాలి. ఒకరోజు ఆయన ఫోన్ చూస్తూ, "పక్క దేశంల గుడ్డు ధర మనకన్నా మస్తు పిరమట. కోడి అదే, గుడ్డు అదే. గట్లెందుకే? రేపటికల్లా చెప్తె నీ ఫారం నింపుత. లేకుంటే బాబిన్లకు నూలు చుట్టుకుంట కూసో" అన్నాడు. రేపటిదాకా ఎందుకని, "మన మీద దేవుని దయ పెద్దబాపూ" అని అప్పుడే చెప్పేశాను. ఇల్లంతా నవ్వు. "ఏందే, ఆళ్ల కోళ్లేం పాపం చేసినయే?" అంది వదిన.

మా గల్లీలో గుడ్డు తినని ఇళ్ళే ఎక్కువ. తినేవాళ్ళు నల్ల కవర్లో దాచి తెచ్చుకునేవాళ్ళు. నేనైతే ముట్టేదాన్నే కాదు. అలాంటిదాన్ని మర్నాడు మాస్కు కట్టుకుని గుడ్ల దుకాణం ముందు, ముగ్గుతో గీసిన గుండ్రంలో నిలబడ్డాను. "గుడ్లొద్దు భయ్యా, కోళ్ళు ఏం తింటాయో చెప్పండి చాలు" అని హిందీలో అడిగాను. దుకాణంవాడు జాలిగా చూసి చెప్పాడు: మొక్కజొన్నలు (మా మక్కలు), సోయా తింటాయట; గుడ్డు ఖర్చులో పెద్ద భాగం దాణాదేనట. (నా వెనక గుండ్రంలో, గుడ్డు వాసనే పడదనే పక్కింటి గుజరాతీ బామ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.)

మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలుపెట్టాను. "పెద్దబాపూ, నూలు పిరమైతే చీర పిరమైతదా లేదా?"

"ఐతది."

"కోడికి మక్కలే నూలు. ఆళ్లు మక్కలు బయటి దేశంకెంచి కొంటే గుడ్డెట్ల అగ్గువైతది?"

ఆయన వదల్లేదు. "మరి మనోళ్లు లారీ నింపుకపోయి ఆడ అమ్మరాదా? ధర సమానమైతది గద!"

ఇది దుకాణంవాడు చెప్పలేదు. లోపల రామనామం అనుకుంటూ నోరు తెరిచాను. "గుడ్డు చీర కాదు పెద్దబాపూ, మూటగట్టి ఇసిరేయనీకె. పలుగుతది, మురుగుతది. సరిహద్దుల సుంకం కట్టాలె. కోళ్లకు రోగమొచ్చిందంటే తొవ్వే బంద్ వెడ్తరు, కరోనాకు మన గల్లీకి కట్టెలడ్డం కట్టినట్టు."

ఈసారి వదిన నవ్వలేదు. "ఫారం ఏడున్నదే, తే" అన్నాడు పెద్దబాపు.

పరీక్ష పాసయ్యాను, ఆ తర్వాత ఇంకా చదివాను. కానీ చదివినకొద్దీ తెలియనివే పెరిగాయి. కంచం ముందు కూర్చుని, లోకంలోని ధరలన్నీ తనకు తెలిసిపోయాయనుకున్న ఆ పిల్లంత తెలివైనదాన్ని మాత్రం మళ్ళీ ఎన్నడూ కాలేకపోయాను.