వాసెన కట్టిన కెమెరా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి కంకిపాడులో మా వీధంతటికీ తెలుసు. మా ముద్దమందారాలు రోజూ తెల్లారేసరికి మాయమవుతుంటే ఓ పొద్దున పంపు దగ్గర గట్టిగా అనేశాను: "పక్కింటి పూలతో పూజ చేస్తే పుణ్యం ఎవరికొస్తుందో ఏమో!"

గోడ అవతల పక్కింటి వదిన బట్టలు ఆరేస్తోంది. బుట్టలో సగం బట్టలు వదిలేసి లోపలికెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా మా రెండిళ్ళ మధ్య గోడ మీద కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. ఆ రోజుతో ఆగిపోయాయి. రెండో రోజుకే నాకు అన్నం సయించలేదు. అలాగని తగ్గితే నేను నేనెందుకవుతాను! ఆమే అయితే కడిగేస్తాను, కాకపోతే కాళ్ళు పట్టుకుంటాను, ఏదో ఒకటి తేలాలని గేటు పైన కెమెరా పెట్టించాను.

"పూల కోసం కెమెరానా?" అని మా ఆయన నవ్వారు. ఆయనకి గుడన్నా పూజలన్నా వెటకారం.

రెండు రోజులు ఒక్క పువ్వూ పోలేదు. మూడో రోజు వాన పడింది. ఫోన్లో బొమ్మ పోయిందని ఇల్లు దద్దరిల్లేలా అరిచాను. తెల్లారి చూస్తే పూలూ పోయాయి. కెమెరా వైరూ కరెంటు వైరూ కలిసే జాయింటు బయట గోడ మీదుంది, అందులోకి నీళ్ళు దిగాయి. నల్ల టేపు చుట్టాను. మళ్ళీ వాన, మళ్ళీ కెమెరా చచ్చింది, మళ్ళీ పూలు లేవు. కెమెరా ఆగిందని దొంగకెలా తెలుస్తోంది? నా అరుపులు గోడ అవతలికి కాక ఇంకెక్కడికి వినిపిస్తాయని నా అనుమానం బలపడింది.

ఇక లాభం లేదని, ఆవకాయ జాడీకి వాసెన కట్టే చేత్తోనే జాయింటుకీ కట్టాను. పాత నూలుగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు, పురికొసతో నాలుగు చుట్లు. మా ఆయన స్టూలు పట్టుకుని "భేష్" అన్నారు. నేను వాసెన కట్టిన జాడీలో ఏనాడూ బూజు పట్టలేదు మరి. మర్నాటి జల్లుకే కెమెరా పోయింది.

ఎలక్ట్రీషియన్ని పిలిచాను. అతను కవరు విప్పితే గ్లాసుడు నీళ్ళు కింద నిలబడ్డ నా నెత్తిన పడ్డాయి.

"నీళ్ళు వైరు పట్టుకుని జారుతూ లోపలికొచ్చాయండీ. వచ్చినవి పోవడానికి దారి లేకుండా మీరే కట్టేశారు," అన్నాడు.

జాయింటుకి సాగే రబ్బరు టేపు లాగి చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడు. వైరు దూరే కంతలు డబ్బా అడుగువైపు ఉండేలా బిగించాడు. వైరుని డబ్బా కంటే కిందికి వేలాడదీసి, అక్కణ్ణించి పైకి ఎక్కించాడు. "ఇప్పుడు నీళ్ళు ఈ వంపు దగ్గరే కారిపోతాయండీ," అన్నాడు. మా ఆయన ఆ రోజు ఆఫీసు నుంచి చీకటి పడ్డాకే వచ్చారు. నా వాసెన ఓడిపోయి ఎలక్ట్రీషియన్ని పిలిచానని చెప్పడానికి నామోషీ వేసి ఊరుకున్నాను. వాన పడితే కెమెరా పోతుందని మా ఇంట్లో అప్పటికే ఖాయమైపోయింది కూడానూ.

ఆ సాయంత్రం నుంచే కుండపోత. పొద్దున్నే ఫోన్ తీశాను. ఓరి నాయనో, బొమ్మ శుభ్రంగా వస్తోంది! గొడుగు వేసుకుని, మందార కొమ్మ వంచి, కవర్లోకి పూలు కోస్తూ మా ఆయన!

వాకింగ్ నుంచి రాగానే ఫోన్ మొహాన పెట్టాను. గొడుగు ముడిచి కుర్చీలో కూలబడ్డారు.

"నీ గాల్‌బ్లాడర్ ఆపరేషనప్పుడు మొక్కుకున్నానే. కాలవగట్టు గుళ్ళో మండలం రోజులు మనింటి పూలిస్తానని. నీ కెమెరా వల్ల రోజు తప్పినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాల్సొస్తోంది. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది."

నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. అంతలో వదిన గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ముక్కల పులుసు గిన్నెలో పోసుకుని గోడ దగ్గరికి కాదు, తిన్నగా వాళ్ళ గుమ్మంలోకే వెళ్ళాను.

"వదినా, నన్ను చెప్పుచ్చుకు కొట్టు. ఆ పూలు కోసేది మీ అన్నయ్యే."

"తెలుసు. మొదటి రోజే వంటింటి కిటికీలోంచి చూశాను," అంది.

"మరి పంపు దగ్గర అన్న రోజే నా నోరు మూయించొచ్చుగా!"

"అన్నయ్యగారు చేతులు జోడించారు. నీ కోసం మొక్కట, తీరేదాకా నీకు తెలియకూడదట. నువ్వు బాగుండాలని మాట పడ్డాను." నా చేతిలో గిన్నె లాక్కుని, మూత తీసి వాసన చూసింది. "ఇన్నాళ్ళూ నీ పులుసు లేక నోరు చచ్చిపోయింది. కూర్చో, అన్నం పెడతాను."

కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి కూడా పెట్టించుకున్నాను.