కుళ్ళని ఆకులు

పీర్జాదిగూడలో మా డాబా మీద ఎండుటాకులు నింపిన నీలం డ్రమ్ము ఒకటుంది. మూత తీయగానే తడిసి కుళ్ళుతున్న ఆకుల ఆవిరి గుప్పుమని ముఖానికి కొడుతుంది. మా ఆయన ముక్కు మూసుకుని కిందికి పరిగెడతాడు. నాకు మాత్రం ఆ వాసనకు ప్రాణం లేచొస్తుంది, ఆకు కుళ్ళుతోందంటే దాని కింద ఏవో బతికి ఉన్నట్టే కదా. కుళ్ళని ఆకును ఎనిమిదో తరగతిలో చూశాను. ఆ భయం ఇప్పటికీ వదల్లేదు.

అప్పట్లో నాన్న రైల్వే ఉద్యోగి, ఇల్లు ఉప్పల్‌లో, బడి నాచారంలో ఫ్యాక్టరీల వరసను ఆనుకుని. వానాకాలం పొద్దున బడికి నడుస్తుంటే తడిమట్టి వాసన, బండి మీద కాగుతున్న బజ్జీల నూనె వాసన, వాటి వెనకే గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు తియ్యటి ఘాటు కలిసి వచ్చేవి. ఖాళీ ప్లాట్లలో గునుగు తెల్లగా పూసేది, గుంటల్లో నిలిచిన నీళ్ళ మీద ఇంద్రధనుస్సు రంగులు తేలేవి, మేం ఆ రంగుల్లోకి దూకి ఎవరి కాలు ఎక్కువ మెరుస్తుందో పందెం వేసుకునేవాళ్ళం.

ఆ ఏడు సైన్స్ చెప్పే శారద మేడమ్ బడి వెనక పెర్మాకల్చర్ తోట పెట్టించారు. నేలను తవ్వకూడదు, అట్టలు పరిచి వాటి మీద పేడ, ఎండుటాకులు కప్పి వదిలేస్తే మిగతా పని మట్టిలోని జీవాలే చేసుకుంటాయనేవారు. అయితే ఆ జీవాలు ఉన్నాయో లేదో ముందు తెలియాలి. అందుకని ఒక్కొక్కరికీ చాపంత జాగా ఇచ్చి, వారానికో పీరియడ్ దాని పక్కన నోరు మెదపకుండా కూర్చుని, కనిపించిన ప్రతి ప్రాణినీ నోట్‌బుక్‌లో రాయమన్నారు. ఎవరి జాగాలో ఎక్కువ ప్రాణులుంటే మొదటి విత్తనాలు అక్కడే.

నాకు ప్రహరీ మూల దక్కింది. గోడ అవతల ఎప్పుడో మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డు. మొదటి వారం ఒక్క చీమ కూడా రాలేదు. రెండో వారం పక్క జాగా నుంచి ఒక చీమల బారు బయల్దేరి, నా జాగా అంచు దాకా వచ్చి, అక్కడేదో గీత ఉన్నట్టు పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. గోడ మీది గోరింకలు అందరి జాగాల్లోకీ దిగేవి, నా దాంట్లోకి తప్ప. మూడో వారానికి మిగతావాళ్ళ ఆకులు నల్లబడి మెత్తగా జావలా అయితే, నావి అన్ని వానల్లో తడిసి కూడా వేసినవి వేసినట్టే, ఈనెలతో సహా పడి ఉన్నాయి. అక్కడ కూర్చుంటే మనిషి అలికిడి లేని ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఉండేది.

"నీది బొందలగడ్డనే!" అని పిల్లలు నా జాగాను శ్మశానం చేసి ఏడిపించారు. నాకు పౌరుషం తన్నుకొచ్చింది. పక్కపిల్ల నోట్‌బుక్ తీసుకుని అంతా నా దాంట్లోకి ఎక్కించేశాను. పైగా ఆమె నాలుగు వానపాములు రాస్తే నేను ఆరు రాశాను.

తోటపని చేసే మల్లవ్వ నారపల్లి నుంచి వచ్చేది. ఆమె కౌలు చేసిన చేను ప్లాట్లయ్యాక బడిలో పనికి కుదిరింది. చదువు రాదు. విత్తే రోజు, లెక్కలో అందరికన్నా ముందున్న నా జాగాలో పిడికెడు మట్టి తీసి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఏం రాసినవో సదువు బిడ్డా. గీడ ఎర్రలున్నయా?"

"ఆరు వానపాములున్నయి, మల్లవ్వా."

"గట్లయితే నా ముక్కే పాడైనట్టుంది" అని నవ్వి పాలకూర చల్లింది.

బతుకమ్మ సెలవులయ్యాక, డబ్బాల్లో మిగిలిన సత్తుపిండి ముద్దలు పెట్టుకుని బడికొచ్చేసరికి నా మూలలో పాలకూర నిగనిగలాడుతోంది. మిగతా జాగాల్లో తర్వాత చల్లిన పాలకూరను పురుగులు జల్లెడ చేశాయి. నా దాంట్లో ఒక్క ఆకుకూ చిల్లి లేదు. మేడమ్ మురిసిపోయి ఇంటికో కట్ట ఇస్తామని అమ్మల్ని పిలిపించారు. మా అమ్మ చంకలో తమ్ముడితో వరసలో నిలబడింది. వాడు కట్టలోంచి ఒక ఆకు లాగి నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. పురుగు కూడా ముట్టని ఆ ఆకును వాడి చేతిలోంచి లాక్కున్నాను.

"మేడమ్, నేను అబద్ధం రాసిన. ఆడ ఒక్క పురుగు గూడ లేదు."

మేడమ్ ముఖం పాలిపోయింది. అందరి దగ్గరా కట్టలు వెనక్కి తీసుకున్నారు.

మల్లవ్వ మెట్ల మీద కూలబడింది. "నేను నిన్ననే రెండు కట్టలు తీస్కపోయిన. పప్పుల ఏసి వండిన, మస్తుగుండె." నా ఏడుపు చూసి దగ్గరికి తీసుకుంది. "ఏం గాదు తియ్. ఫికర్ జెయ్యకు."

నేను మాత్రం దిగులు పడుతూనే ఉన్నాను. రోజూ గేటు దాటగానే ముందు ఆమె కోసమే వెతికేదాన్ని. కళ్ళు చూసేదాన్ని, నడక చూసేదాన్ని. బాగానే ఉండేది. వేసవి సెలవుల తర్వాత రాలేదు. కీసరలో కూతురి దగ్గరికి పోయిందన్నారు. ఎందుకు పోయిందని నేను అడగలేదు, ఏం చెప్తారోనని భయం.

ఇప్పుడు ఆ బడి లేదు, గునుగు పూసే ప్లాట్లు లేవు. తోట ఉన్నచోట అపార్ట్‌మెంటు కింద కార్లు వరసగా నిలబడి ఉంటాయి. నారపల్లి చేలు వెంచర్ల గోడల వెనక్కి వెళ్ళిపోయాయి. రోడ్డు పక్కన ఆకుకూరలమ్మే ముసలమ్మల్ని చూస్తే బండి ఆపి ముఖాలు వెతుకుతాను. కీసర మా ఇంటికి గంట దూరం కూడా లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళి ఆమె గురించి అడగలేదు.