చలికి లోపల పెట్టిన జనరేటర్

ఆ వయసులో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మా చర్చి సంఘంలో దేవుని పనులన్నీ నాకే అప్పజెప్పేది నా భక్తిని చూసేనని. (మిగతా యువకులంతా పత్తి ఏరడానికి పోయేవారని, నేనొక్కడినే ఖాళీగా కనబడేవాడినని చాలా ఏళ్ళకు గాని తట్టలేదు.) ములకలపల్లి అవతల అడవి అంచున మా ఊరు. డిసెంబరులో మూడు రోజులు పందిరి వేసి వేకువ ప్రార్థనలు. ఆ వేళకు కరెంటు ఉండదు కాబట్టి మైకుకూ లైట్లకూ చిన్న జనరేటర్ కిరాయికి తెచ్చాం. అది పెట్రోలుదే అయినా దాని ఓనరును అందరూ డీజిల్ మామ అనేవారు.

"పందిరికి దూరంగ బెట్టు. పైన రేకు కప్పు, పక్కలు తెరిచి ఉంచు. లోపలికి మాత్రం తేకు," అన్నాడు మామ. "అవ్ మామా," అన్నాను. బైబిలు అధ్యాయాలకు అధ్యాయాలు కంఠతా వచ్చినవాడి చెవికి మామూలు మాటలు ఎక్కవు.

రెండో రోజు మంచుకు అది మొండికేసింది. తాడు లాగి లాగి చెయ్యి పడిపోయాక, దాని మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశాను. అందుకే మూడో రోజుకు ముందుజాగ్రత్తగా దాన్ని పందిరిలోకి మోసుకొచ్చి వేదిక వెనక పెట్టాను. ముసలివాళ్ళకు చలి తగలకూడదని చుట్టూ టార్పాలిన్ పరదాలు దించాను. తెల్లవారుజామున ఒక్క గుంజుకే స్టార్టయింది. "దేవుడిచ్చిన ఆలోచన అయ్యగారూ!" అని పాస్టరు గారితో అన్నాను కూడా.

రెండో పాటకు అందరి కళ్ళూ చెమర్చాయి. మూడో పాటకు తలలు ఊగాయి. "పరిశుద్ధాత్ముడు దిగుతున్నాడు, ఆపుకోకండి!" అన్నారు పాస్టరు గారు. నా తల కూడా బరువెక్కింది. పశ్చాత్తాపమే అనుకుని మైకు అందుకుని, "అయ్యగారూ, మీ పుంజును నక్క ఎత్తుకపోలే. నేనే కోసుకుని తిన్న," అని ఏడ్చాను. అంతలో ముందు వరుసలో మా నానమ్మ పక్కకు ఒరిగి చాప మీద పడిపోయింది. ఆత్మ దిగి పడిపోయిందనుకుని "స్తోత్రం!" అని అరిచింది నేనే.

సామాను తీసుకుపోవడానికి వచ్చిన డీజిల్ మామ పరదా చించుకుని లోపలికొచ్చాడు. "ఏందిరా గిది! ఏడుపు గాదు, పొగ! జల్దీ అందరు బయటికి నడువుండ్రి!" అంటూ మిషన్ ఆపి నానమ్మను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. మంచులో ఆమె పక్కన కూలబడ్డాను. అన్ని వాక్యాలు నేర్చిన నేను "ప్రభువా, ప్రభువా" అని మాత్రం గొణుగుతూ ఆమె అరచేతులు రుద్దాను. చాలాసేపటికి ఆమె కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"పుంజును తిన్నవారా?"

"అవ్ నానమ్మా."

"నాకొక్క ముక్కన్న పెట్టకపోతివి."

దవాఖానాలో ఆమెకు ఆక్సిజన్ పెట్టి మర్నాడు ఇంటికి పంపారు. పాస్టరు గారు మాత్రం, "పొగకొచ్చినా ఒప్పుకోలు ఒప్పుకోలే," అని క్రిస్మస్ దాకా మందిరం నాతోనే ఊడ్పించారు.

ఇప్పుడు నేను సంఘ పెద్దను. మా జనరేటర్ పందిరికి దూరంగా, రేకు కింద, నాలుగు పక్కలా గాలి తగిలేలా ఉంటుంది. ప్రార్థనలో ఎవరైనా వెక్కివెక్కి ఏడిస్తే అందరూ స్తోత్రం అంటారు. నేను మాత్రం చప్పుడు కాకుండా బయటికెళ్ళి అది ఉన్నచోటే ఉందో లేదో చూసుకుని, లోపలికొచ్చి, అప్పుడు నిశ్చింతగా ఏడుస్తాను.